అన్నం తగ్గించారు సరే, మందు సంగతి అడిగారా?

షుగరు ఉన్న పెద్దవాళ్ళను ఇంట్లో చూసుకునేవారి కోసం ఒక ఫిజీషియన్ చేసిన ప్రసంగం పాఠం ఇది. చివర సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు, వాటికి జవాబులు కూడా ఉన్నాయి.

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పెద్దవాళ్ళు కూర్చున్నారు, వెనక వాళ్ళ కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు కూర్చున్నారు. ఈ రోజు నేను ఎక్కువగా వెనక వరసలవాళ్ళతోనే మాట్లాడతాను. పెద్దవాళ్ళు ఏమీ అనుకోకండి. వింటూ ఉండండి, మీ ఇంటి సంగతి ఎక్కడైనా వస్తే పక్కనున్న మీవాళ్ళ భుజం తట్టండి.

షుగరు గురించి మన దగ్గర ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని అందులో అంచనా వేశారు. ఇంటికొకరు ఉన్నట్టే అనిపిస్తుంది. షుగరు పెరిగితే కళ్ళు పోతాయని, కిడ్నీలు పాడవుతాయని, కాలికి పుండు పడితే మానదని అందరికీ భయం ఉంది. ఆ భయం ఉండాల్సిందే. అయితే డెబ్బై దాటిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఇంకో భయం కూడా ఉండాలి, అది మాత్రం మన ఇళ్ళలో తక్కువ. షుగరు పడిపోవడం. అందులోనూ రాత్రి నిద్రలో పడిపోవడం. పెరిగిన షుగరు చేసే చెడు ఏళ్ళ తరబడి మెల్లగా బయటపడుతుంది. పడిపోయిన షుగరుకు ఒక్క రాత్రి చాలు.

నేను ఇవాళ చెప్పదలచుకున్న మాట ఒకటే, మిగతాదంతా దాని వివరణ. పెద్దవాళ్ళ తిండిలో ఏ మార్పు చేసినా, అదే రోజు డాక్టరును మందు సంగతి అడగండి. తిండి కోడలి చేతిలో, మందులు కొడుకు చేతిలో, ఇంజెక్షన్ ఆ పెద్దాయన చేతిలో ఉండి, ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇళ్ళ నుంచే నా దగ్గరికి తెల్లవారుజామున ఫోన్లు వస్తుంటాయి.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. అమ్మకి రక్తంలో షుగరు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.6 శాతం వచ్చింది. ఆ రిపోర్టు వాట్సాప్‌లో డల్లాస్‌లో ఉన్న కూతురికి వెళ్ళింది. కూతురికి టెన్షన్, అక్కణ్ణుంచే వీడియో కాల్‌లో గట్టిగా చెప్పింది: ఇక రాత్రిపూట అన్నం బంద్. ఇక్కడి కోడలు కూడా సరేనంది. రాత్రికి రెండు ఇడ్లీలు, లేదా ఒక పుల్కా. అదే వారంలో డాక్టరు కూడా 8.6 చూసి మాత్ర డోసు పెంచారు. తిండి తగ్గిన సంగతి డాక్టరుకు తెలియదు, డోసు పెరిగిన సంగతి కూతురికి తెలియదు. ఎవరి పని వాళ్ళు ప్రేమతోనే చేశారు. నాలుగో రోజు తెల్లవారుజామున అమ్మ బాత్రూమ్‌కి లేచి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. కాలు జారిందని అందరూ అనుకున్నారు. అంబులెన్స్‌లో చూస్తే షుగరు 48.

కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రెండు చిన్న ఇడ్లీలు తింటే అందులో సగం కూడా రాకపోవచ్చు. అంటే రోజూ రాత్రి రెండు కప్పుల అన్నానికి సరిపోయే మందు వేసుకుంటున్న మనిషికి ఒక్కసారిగా నాలుగో వంతు తిండి పెట్టి, మందు మాత్రం అలాగే ఉంచుతున్నాం. ఆ మిగిలిన మందు ఎక్కడికి పోతుంది? ఒంట్లోనే తన పని తాను చేసుకుపోతుంది.

ముందు అంకెలు చెబుతాను, రాసుకోండి. వేలికి గుచ్చి మెషిన్‌లో చూసిన షుగరు 70 కంటే తగ్గితే దాన్ని లో షుగర్ అంటాం, వెంటనే ఏదో ఒకటి ఇవ్వాలి. 54 కంటే తగ్గితే మెదడుకు చాలినంత ఇంధనం అందడం లేదని అర్థం, అది ప్రమాదకరం. ఇక అంకె ఎంతున్నా సరే, మనిషి తనంతట తాను లేచి తీపి తినలేని స్థితిలో ఉండి ఇంకొకరి సాయం కావాల్సి వస్తే అది అత్యవసరం. ఈ మూడూ ఫ్రిజ్ తలుపు మీద అంటించి పెట్టండి.

రాత్రే ఎందుకు ఎక్కువగా పడిపోతుంది? మన కాలేయం ఒక గాదె లాంటిది. పగలు తిన్నదాంట్లో కొంత అక్కడ దాచి, రాత్రి మనం ఏమీ తినని గంటల్లో కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. సరిగ్గా తినని, బరువు తగ్గిన పెద్దవాళ్ళలో ఆ నిల్వ తక్కువ. పైగా రాత్రి ఏడింటికే తిని పడుకునే మనిషి మళ్ళీ ఉదయం ఏడింటికి గానీ ఏమీ తినరు. పన్నెండు గంటల విరామం. పగలు షుగరు పడితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, ఆకలి దంచేస్తుంది. అవి శరీరం ఇచ్చే హెచ్చరికలు. నిద్రలో ఆ హెచ్చరికలు సగానికి సగం రావు, వచ్చినా మనిషి లేవరు. వయసు పెరిగేకొద్దీ అవి ఇంకా తగ్గుతాయి. తరచుగా లో అవుతూ ఉంటే శరీరం దానికి అలవాటు పడిపోయి అసలు చెప్పడమే మానేస్తుంది. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళలో వణుకు, దడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. అందుకే ఫ్యాన్ కింద పడుకున్న మనిషి జాకెట్టో బనీనో తడిసిపోయి ఉంటే, దిండు తడిగా ఉంటే, ఉక్కపోత అని వదిలేయకండి.

ఇంకా కొన్ని గుర్తులు ఉన్నాయి. నిద్రలో అరవడం, పీడకలలు, లేవగానే తలనొప్పి, ఉదయం లేచాక కాసేపు మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం, రాత్రంతా పడుకున్నా ఒళ్ళు అలసటగా ఉండడం. పెద్దవాళ్ళలో లో షుగర్ చాలాసార్లు వింత ప్రవర్తనగానే కనిపిస్తుంది. అర్ధరాత్రి లేచి బట్టలు సర్దుకుంటారు, ఎప్పుడో చనిపోయిన తమ్ముణ్ణి పిలుస్తారు, మంచినీళ్ళిస్తే విసిరికొడతారు. కొన్ని ఊళ్ళలో గాలి సోకిందని విభూతి పెడుతూ గంటలు గడిపేస్తారు. కొందరికి మాట ముద్దగా వచ్చి, ఒక పక్క చెయ్యి పడిపోయి అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. షుగరున్న మనిషిలో రాత్రిపూట ఏ తేడా కనిపించినా మొదట చేయాల్సిన పని వేలికి గుచ్చి చూడడం. మెషిన్ దొరక్కపోతే, మనిషి మింగగలిగితే, లో అనే అనుకుని తీపి ఇవ్వండి. ఆ కాస్త తీపి వల్ల జరిగే నష్టం చాలా చిన్నది. పక్షవాతం లక్షణాలు ఉంటే మాత్రం షుగరు చూస్తూనే 108కి ఫోన్ చేయండి, ఆలస్యం వద్దు.

ఇప్పుడు మందుల దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే అన్ని షుగరు మందులూ షుగరును ఒకేలా పడగొట్టవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే లో అవడం అరుదు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా వాటంతట అవి సాధారణంగా పడగొట్టవు. పడగొట్టేవి రెండు రకాలు. ఒకటి ఇన్సులిన్. రెండోది గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనే కుటుంబం. ఇవి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తాయి, మనం తిన్నామా లేదా అని చూడవు. ఇంటికెళ్ళి మాత్రల స్ట్రిప్ వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేర్లు చదవండి. పైన పెద్దగా రాసిన కంపెనీ పేరుతో మనకు పని లేదు. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఉంటాయి, చాలామంది ఇళ్ళలో ఆ సంగతి తెలియదు.

గ్లిబెన్‌క్లమైడ్ గురించి విడిగా చెప్పాలి. ఇది పాత మందు, చవక, ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. అరవై దాటినవాళ్ళకు ఇది ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే సూచించింది. అయినా పదేళ్ళ కింద రాసిన చీటీ చూపించి ఇప్పటికీ మందుల షాపులో అదే కొనుక్కుని వేసుకునేవాళ్ళు నాకు కనిపిస్తూనే ఉంటారు. మీ ఇంట్లో ఆ పేరు కనిపిస్తే ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఏళ్ళుగా అదే డోసు, ఎప్పుడూ ఏమీ కాలేదు, ఈ మధ్యే షుగరు పడిపోతోంది అని చెబుతుంటారు. కొందరు షుగరు తగ్గిపోయిందని సంతోషపడతారు కూడా. అప్పుడు నేను మొదట కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రాస్తాను. కిడ్నీల పని తగ్గితే ఇన్సులినూ ఈ మాత్రలూ ఒంట్లోంచి త్వరగా బయటికి పోవు, అదే డోసు ఎక్కువైపోతుంది. జ్వరానికో మూత్రంలో మంటకో షాపులో అడిగి వేసుకునే లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కూడా ఈ మాత్రలతో కలిస్తే షుగరు పడగొట్టగలవు. ఏ యాంటీబయాటిక్ తీసుకునే ముందైనా షుగరు మాత్రల పేర్లు చెప్పండి.

ఇన్సులిన్ విషయానికొస్తే, మన దగ్గర చాలామంది పెద్దవాళ్ళు పొద్దున, రాత్రి వేసుకునేది 30/70 మిశ్రమం. అందులో నూటికి 70 వంతులు నెమ్మదిగా పనిచేసే రకం. రాత్రి ఏడున్నరకు వేస్తే దాని జోరు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఉంటుంది. మామూలు 30/70 వేశాక అరగంటలో తినాలి. ఇక్కడే ఇళ్ళలో తేడా వస్తుంది. అమ్మ ఏడున్నరకే ఇంజెక్షన్ వేసుకుంటుంది, టైము తప్పకూడదని. భోజనం మాత్రం కొడుకు ఆఫీసు నుంచి వచ్చాకే. అబ్బాయి ట్రాఫిక్‌లో ఇరుక్కుని తొమ్మిదిన్నరకు వస్తాడు. ఈలోగా అమ్మ సీరియల్ చూస్తూ సోఫాలో వాలిపోతుంది, నిద్రపోయిందని అందరూ అనుకుంటారు. దయచేసి మీ అమ్మకి చెప్పండి: నా కోసం ఆగొద్దమ్మా, నువ్వు తినేసెయ్, నేను వచ్చాక పక్కన కూర్చుంటా అని. అలాగే పళ్ళెం ముందుకు వచ్చాకే ఇంజెక్షన్ తీసే అలవాటు చేయవచ్చేమో, ఏ రకం ఇన్సులిన్ అయితే అందుకు వీలవుతుందో డాక్టరును అడగండి. ఇవాళ ఎంత తింటారో ముందే తెలియని పెద్దవాళ్ళకు, తిన్న వెంటనే ఇవ్వగలిగే రకాలు కూడా ఉన్నాయి.

సిరంజి సంగతి తప్పక చూడండి. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంది. పెన్ను కార్ట్రిడ్జ్‌లో ఉండేది 100 బలంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. పెన్ను పనిచేయలేదని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే, ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. చూపు మందగించిన పెద్దాయన ఒక్కరే ఇంజెక్షన్ వేసుకుంటుంటే ఒక్కసారి పక్కన నిలబడి చూడండి. ఎన్ని గీతలు లాగుతున్నారు, మిశ్రమం సీసాను అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించి కలుపుతున్నారా, రోజూ ఒకేచోట పొడుస్తున్నారా. ఒకేచోట పొడిస్తే అక్కడ కొవ్వు గడ్డకడుతుంది. ఆ గడ్డలోంచి మందు సరిగ్గా ఎక్కదు, షుగరు తగ్గడం లేదని డోసు పెంచుతారు. ఒకరోజు చోటు మారిస్తే పెంచిన డోసంతా ఒక్కసారిగా ఎక్కుతుంది. పొట్ట మీద చెయ్యి పెట్టి తడిమి చూడండి, గట్టిగా తగులుతుంది. గడ్డ ఉంటే చోటు మార్చే ముందు డోసు ఎంతో డాక్టరుతో మాట్లాడండి. ఇంజెక్షన్ వేసుకున్నానా లేదా అని రెండోసారి వేసుకునేవాళ్ళూ ఉన్నారు. గోడ మీద క్యాలెండర్‌లో టిక్కు పెట్టే అలవాటు దీనికి బాగా పనికొస్తుంది.

తిండి సంగతి. పెద్దవాళ్ళకు షుగరు రాగానే మనం చేసే మొదటి పని వాళ్ళ పళ్ళెంలోంచి ఒక్కొక్కటే తీసేయడం. అన్నం తీసేస్తాం, అరటిపండు తీసేస్తాం, పెరుగన్నం తీసేస్తాం. వాటికి బదులు ఏం పెట్టాలో ఆలోచించం. ఆరు నెలల్లో ఆరు కిలోలు తగ్గుతారు. తగ్గినదాంట్లో కండ కూడా ఉంటుంది. కాళ్ళల్లో బలం పోతుంది, పడిపోతారు. డెబ్బై దాటినవాళ్ళకు కిలో బరువుకు రోజుకి ఒక గ్రాము మాంసకృత్తులైనా అందాలి, కిడ్నీ జబ్బు ఉంటే ఆ లెక్క డాక్టరు చెప్పాలి. గట్టి పప్పు, పెరుగు, గుడ్డు, చేప, పెసరట్టు, ఉడికించిన శనగలు పూటపూటకూ ఏదో ఒకటి ఉండేలా చూడండి. పళ్ళెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, పావు వంతు అన్నం. కొలత కోసం ఇంట్లో ఒక గిన్నె ఖాయం చేయండి, రోజూ అదే గిన్నె. నా దృష్టిలో అన్నం పూర్తిగా మాన్పించడం కంటే, రోజూ ఒకే టైముకి ఒకే కొలత పెట్టడం పెద్దవాళ్ళకు మేలు. మందు డోసు నిలకడగా ఉండాలంటే తిండి కూడా నిలకడగా ఉండాలి.

చిరుధాన్యాలు మంచివే. కొర్రలు, సామలు, జొన్నలు తినండి. అయితే రాత్రికి రాత్రి మార్చకండి. ముందు మధ్యాహ్నం పూట మొదలుపెట్టి, ఆ వారం రోజూ పడుకునే ముందు షుగరు చూసి రాసుకోండి. పళ్ళు లేని పెద్దవాళ్ళకు జొన్నరొట్టె పెడితే సగం తిని వదిలేస్తారు, మందు మాత్రం పూర్తిగా పడి ఉంటుంది. రొట్టెను పల్చటి పప్పులోనో మజ్జిగలోనో నానబెట్టి ఇవ్వండి. పల్చటి రాగిజావ షుగరుకు మంచిదని రాత్రి భోజనానికి బదులు తాగించేవాళ్ళున్నారు. మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి షుగరును ఒక్కసారి పెంచుతుంది, కాసేపటికి మళ్ళీ కడుపు ఖాళీ. రాత్రి భోజనానికి అది బదులు కాదు. షుగర్‌ఫ్రీ బిస్కెట్ల గురించి ఎక్కువ చెప్పను. అందులోనూ మైదాయే.

ఇక ఉపవాసాలు. శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి, కార్తీక సోమవారాలు, శివరాత్రి. మా అమ్మ నలభై ఏళ్ళుగా చేస్తోంది, ఇప్పుడు మానమంటే బాధపడుతుంది అంటారు. మానమని నేనూ అనను, ఆ నమ్మకం ఆమెకు బలం. కానీ శనివారం రాత్రి ఫలహారానికీ శుక్రవారం రాత్రి భోజనానికీ ఒకే డోసు ఎలా సరిపోతుంది? ఉపవాసం ఉన్న రోజు డోసు ఎంత అని ముందే డాక్టరుతో రాయించుకుని బీరువాకు అంటించండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రకు భోజనం తోడు ఉండాలి, భోజనం లేని పూట ఆ మాత్ర సంగతి ఏమిటో ముందే తెలుసుకోవాలి. ఇన్సులిన్‌ను మాత్రం మీ అంతట మీరు పూర్తిగా ఆపకండి. రంజాన్ ఉపవాసాలు ఉండే పెద్దవాళ్ళైతే నెల మొదలవకముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి మందుల టైములు మార్పించుకోవాలి. వాంతులు, విరేచనాలు అయిన రోజు కూడా ఉపవాసం కిందే లెక్క, ఆ రోజు ఫోన్ చేయండి.

ఒళ్ళు అలిసిన రోజు రాత్రి కూడా జాగ్రత్త. కండరాలు పగలు ఖర్చు చేసిన ఇంధనాన్ని రాత్రంతా తిరిగి నింపుకుంటాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండ మీద పడుకున్న రాత్రి, మనవరాలి పెళ్ళిలో రోజంతా తిరిగిన రాత్రి, పొలంలో కలుపు తీసి వచ్చిన రాత్రి షుగరు పడే అవకాశం ఎక్కువ. సాయంత్రం కల్లో మందో తాగే అలవాటు ఉన్న పెద్దవాళ్ళు ఉంటే దాన్ని దాచకండి, డాక్టరుకు చెప్పండి. కాలేయం ఆ మద్యాన్ని తేల్చే పనిలో పడి కొత్త గ్లూకోజు తయారుచేయడం తగ్గిస్తుంది. ఖాళీ కడుపుతో తాగి పడుకుంటే ఇంకా ప్రమాదం. మాట ముద్దగా వస్తే తాగి ఉన్నాడని అందరూ వదిలేస్తారు కూడా.

పడుకునే ముందు షుగరు ఎంత ఉండాలని అడుగుతారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ పెద్దవాళ్ళను వాళ్ళ ఆరోగ్యాన్ని బట్టి వేరువేరుగా చూడమంటుంది. చురుగ్గా, ఇతర జబ్బులు పెద్దగా లేకుండా ఉన్నవాళ్ళకు పడుకునేటప్పుడు 80 నుంచి 180. గుండెజబ్బు, కిడ్నీ జబ్బు లాంటివి చాలా ఉండి, రోజువారీ పనుల్లో కొంత సాయం కావాల్సినవాళ్ళకు 100 నుంచి 180. బాగా బలహీనంగా ఉన్నవాళ్ళకు 110 నుంచి 200. మూడు నెలల సగటు కూడా అంతే, రెండో గుంపువాళ్ళకు 8 లోపు ఉంటే చాలంటుంది. ఇది విని కొందరు ఆశ్చర్యపోతారు, పక్కింటాయనకు 6.5 ఉంది కదా అంటారు. అకార్డ్ అనే పెద్ద అధ్యయనంలో పదివేల మందికి పైగా షుగరు రోగులను చూశారు. కొందరికి సగటును 6 లోపుకు దించాలని గట్టిగా ప్రయత్నించారు. ఆ గుంపులో మరణాలు ఎక్కువగా కనిపించడంతో 2008లో ఆ గట్టి చికిత్సను మధ్యలోనే ఆపేశారు. డెబ్బై ఎనిమిదేళ్ళ నాన్నగారి సగటు 6.2 వచ్చిందని స్వీట్లు పంచకండి. ఆయన ఇన్సులినో గ్లిమిపిరైడో వాడుతుంటే, రాత్రిపూట ఎంతకు పడుతోందో చూడమని అడగండి.

ఇక పడిపోయినప్పుడు ఏం చేయాలి. మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే, నిండా మూడు టీస్పూన్ల గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి తాగించండి. అది సుమారు 15 గ్రాములు. లేదంటే మూడు నాలుగు టీస్పూన్ల పంచదార నీళ్ళలో, లేదా అర గ్లాసు పళ్ళరసం. చాక్లెట్టు, లడ్డూ, పాలు వద్దు, వాటిలోని కొవ్వు వల్ల తీపి ఆలస్యంగా ఎక్కుతుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ గుచ్చి చూడండి. 70 దాటకపోతే ఇంకోసారి అంతే ఇవ్వండి. దాటాక కొంచెం పెరుగన్నమో, పాలూ బిస్కెట్లో పెట్టి పడుకోబెట్టండి, గంట తర్వాత మళ్ళీ ఒకసారి చూడండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మన దగ్గర చాలామంది మాత్రలో వోగ్లిబోస్ అనే మందు కలిపి ఉంటుంది, కొందరికి అకార్బోస్. ఇవి పేగులో పంచదార విడిపోవడాన్ని ఆలస్యం చేస్తాయి. వీళ్ళకు లో అయినప్పుడు పంచదార, బెల్లం ఇస్తే అనుకున్నంత త్వరగా పనిచేయవు. గ్లూకోజు పొడే కావాలి. స్ట్రిప్ వెనక ఆ పేరు ఉంటే ఇవాళే ఒక గ్లూకోజు పొడి డబ్బా కొని మంచం పక్కన పెట్టండి. వంటింట్లో కాదు, మంచం పక్కన, గ్లాసు, స్పూను, నీళ్ళ సీసాతో సహా.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పంచదార నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి షుగరు రోగి అని మొదటే చెప్పండి. పడిపోయిన షుగరును పైకి తెచ్చే గ్లూకగాన్ ఇంజెక్షన్ మీ ఊళ్ళో దొరుకుతుందేమో, ఇంట్లో ఉంచుకోవాలేమో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. గ్లిమిపిరైడ్ కుటుంబం మందులతో బాగా పడిపోతే, గ్లూకోజు ఇచ్చాక లేచి కూర్చుని కాఫీ అడిగినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ మందు ఇంకా ఒంట్లో ఉంటుంది, కొన్ని గంటలకు మళ్ళీ పడుతుంది. ఒక్కసారి రాత్రి లో అయిందంటే డోసు మళ్ళీ చూడాలని అర్థం. వచ్చే నెల చెకప్ దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు చెప్పండి. కొన్ని వారాల పాటు లో కాకుండా చూసుకుంటే, పోయిన హెచ్చరికలు కొంతవరకు తిరిగి వస్తాయి కూడా.

సరే, ప్రశ్నలు అడగండి.

సభికురాలు: డాక్టర్ గారూ, మా అత్తయ్యగారికి పరగడుపున ఎప్పుడూ 220 ఉంటుంది. రాత్రి డోసు పెంచమంటున్నారు. పెంచితే మళ్ళీ లో అవుతుందా?

పెంచే ముందు రెండు మూడు రాత్రులు తెల్లవారుజామున మూడింటికి ఒకసారి గుచ్చి చూడండమ్మా. చాలామందిలో ఆ సమయానికి హార్మోన్లు పెరిగి షుగరు పైకి వెళుతుంది, లేదా రాత్రి మందు నిజంగానే చాలదు. అలాంటప్పుడు మూడింటికి షుగరు మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది, పడిపోయి ఉండదు. కానీ మూడింటికి 65 ఉండి ఏడింటికి 220 ఉంటే, డోసు పెంచడం ప్రమాదం. ఆ అంకెలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. భుజానికి అంటించే షుగరు సెన్సరు పెట్టించగలిగితే రెండు వారాల రాత్రులు గీతలాగా కనిపిస్తాయి. అయితే సెన్సరు ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే తప్పుగా తక్కువ చూపిస్తుంది. అది 60 అన్నప్పుడు వేలికి గుచ్చి కూడా చూసుకోండి, గుచ్చే ముందు చేతులు కడుక్కోవాలి. మామిడిపండు తిన్న చెయ్యి అయితే లో ఉన్నా ఎక్కువ చూపిస్తుంది.

సభికుడు: మా నాన్నకి రోజూ పొద్దున్నే కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు ఇస్తున్నాం. మానేయాలా?

కూరగా తినే కాకరకాయ, పోపులో వేసే మెంతులతో ఇబ్బంది లేదు. రోజూ గ్లాసెడు రసం తాగిస్తూ దాని మీద ఇన్సులిన్ కూడా ఇస్తుంటే, అది కూడా ఒక మందే అని లెక్క పెట్టి డాక్టరుకు చెప్పాలి. ఒకరోజు తాగి మూడు రోజులు మానడం అసలు వద్దు. ఇక పేరు లేని పొట్లాల్లో వచ్చే షుగరు చూర్ణాలు వాడకండి, అందులో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఒక పెద్దాయన: బాబూ, నాకు రాత్రి షుగరు పడిపోతుందేమోనని భయం. అందుకని పడుకునే ముందు రెండు లడ్డూలు తింటాను. తప్పా?

తప్పు అనను పెద్దాయనా. మీరు ప్రాణం కాపాడుకుంటున్నారు. కానీ మందుకు భయపడి రోజూ తినాల్సి వస్తోందంటే, మందు ఎక్కువైందని మీ ఒళ్ళే చెబుతోంది. లడ్డూల సంగతి ఇంట్లో దాచకుండా చెప్పండి, మీ డాక్టరుకూ చెప్పండి. డోసు తగ్గిస్తే లడ్డూ అవసరం ఉండదు. అప్పటిదాకా పడుకునే ముందు షుగరు 70కి పైన, 100 లోపు ఉంటే ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు తీసుకుని పడుకోండి.

సభికురాలు: మా నాన్నగారు ఊళ్ళో ఒక్కరే ఉంటారు, మేం హైదరాబాద్‌లో. రమ్మంటే రారు. మేం ఏం చేయగలం?

మొదట ఆయన మందుల స్ట్రిప్‌లన్నీ ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. ఒక్కరే ఉండే మనిషికి పడగొట్టే మందులు లేకుండా, లేదా తక్కువ డోసుతో, నడపగలమా అని సూటిగా అడగండి. చాలాసార్లు కుదురుతుంది. ఇన్సులిన్ తప్పనిసరైతే రోజుకొకసారి వేసుకునే రకం ఉదయం పూట ఇవ్వవచ్చేమో అడగండి, రాత్రి కంటే పగలు ఎవరో ఒకరు కనిపెడతారు. పక్కింటివాళ్ళలో ఒకరికి తాళంచెవి ఇచ్చి, గ్లూకోజు డబ్బా ఎక్కడుందో చూపించి, ఆయన పొద్దున ఆరున్నరకల్లా తలుపు తీయకపోతే వెళ్ళి చూడమని చెప్పండి. జేబులో షుగరు రోగి అని, మందుల పేర్లు, మీ నంబరు రాసిన కార్డు పెట్టండి. మీరు రాత్రి ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగితే తిన్నానమ్మా అనే అంటారు. ఏం తిన్నావు, ఎన్ని తిన్నావు, ఇంజెక్షన్ ఎన్నింటికి వేసుకున్నావు, ఇప్పుడు మెషిన్‌లో ఎంత చూపించింది, ఈ నాలుగూ అడగండి. అంకె 100 కంటే తక్కువ చెబితే ఫోన్ పెట్టేయకుండా, పాలు, 70 కంటే తక్కువైతే ముందు గ్లూకోజు నీళ్ళు, తాగేదాకా లైన్‌లోనే ఉండండి.